పురానాపూల్ మీద పాత గచ్చు వాసన

వాన వెలిసిన పొద్దున హైదరాబాద్ పాత వంతెన పురానాపూల్ మీద నడిస్తే ముందు ముక్కుకు తగిలేది కింద పారే మూసీ. అందులో దాచడానికేం లేదు. రెండోది కొత్తిమీర కట్టల వాసన. ఈ రెంటి అడుగున, పిట్టగోడకు ఆనుకుని నిలబడితే తప్ప దొరకని మూడో వాసన ఒకటుంది. తడిసిన పాత గచ్చుది, అంటే రాళ్ల మధ్య పెట్టిన సున్నపు ముద్దది. కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఘాటుగా ఉండదు. ఎండిపోయిన పాత కుండలో నీళ్లు పోస్తే వస్తుందే, అలా ఉంటుంది. మొన్న ఆ వాసన తగిలేసరికి సున్నం నూరే గానుగ గుర్తొచ్చింది. గుండ్రటి కాలువ, అందులో దొర్లే రాతి చక్రం, దాన్ని ఈడ్చే దున్నపోతు, పక్కన కరక్కాయ నీళ్ల కుండ. ఇప్పుడు ఊళ్లో వాటిలో ఒక్కటైనా కనబడాలంటే వెతుక్కోవాలి.

పురానాపూల్ 1578లో, గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టింది. చార్మినార్ 1591. అంటే ఊరి కంటే వంతెన పదమూడేళ్లు పెద్దది. గోల్కొండ నుంచి కార్వాన్ మీదుగా ఏరు దాటి దక్షిణపు గట్టుకు రావడానికి వేసిన దారి ఇది. ఊరు ఆ గట్టున తర్వాత పుట్టింది. దిగువన ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో కట్టినది నయాపూల్ అయింది, ఇది పురానా అయి కూర్చుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. పారిస్‌లో సెన్ నది మీద ‘పోన్ నఫ్’ అనే వంతెన ఉంది. ఆ మాటకు కొత్త వంతెన అని అర్థం. దానికి పునాదిరాయి పడిందీ 1578లోనే. ఇద్దరిదీ ఒకే ఈడు. అక్కడిది ఇవాళ్టికీ కొత్తదే, ఇక్కడిది పాతది. పదిహేడో శతాబ్దంలో వజ్రాల బేరానికి గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, మన వంతెన అందంలో పోన్ నఫ్‌కు పెద్దగా తీసిపోదని రాశాడు. తన ఊరి వంతెనతో పోల్చాడంటే మెప్పు గట్టిదే.

భాగమతి కథ అందరికీ తెలిసిందే. వరదలో గుర్రాన్ని దూకించి ప్రియురాలి దగ్గరికి వెళ్లిన కొడుకును చూసి, తండ్రి గుండె అదిరి వంతెన కట్టించాడంటారు. 1578 నాటికి ఆ కొడుకు మహమ్మద్ కులీకి పన్నెండు పదమూడేళ్లు. ఆ వయసులో గుర్రం దూకించాడంటే నమ్మొచ్చు, మిగతాది కష్టం. కార్వాన్ అంటేనే బిడారు. ఒంటెల బారులు, సరుకు బండ్లు, సుంకం లెక్కలు వినడానికి ప్రేమకథంత బాగుండవు గానీ, ఇంత రాయి మోయించేది మామూలుగా అవే.

*

పుస్తకాల్లో ఉండే లెక్క ఇది: 22 కమాన్లు, 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, ఏటి అడుగు నుంచి 54 అడుగుల ఎత్తు. ఇప్పుడు ఏరు పూడిపోయి ఆ ఎత్తు కంటికి ఆనదు.

కమాన్లు కొసదేలి ఉంటాయి. అందం కోసమే అనుకుంటారు. పాత మేస్త్రీలు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లు: “గుండ్రపు కమాను పక్కకు తంతది, కొస కమాను కిందికి నొక్కుతది.” లెక్క కూడా అదే చెబుతుంది. అదే వెడల్పుకు కొస కమాను తన కాళ్లను పక్కకు నెట్టే బలం తక్కువ. పైగా వరసలో ఉన్న కమాన్లు ఒకదాన్నొకటి ఎదురునెట్టుకుని నిలబడతాయి. రెండు చివర్లలోవి మాత్రం గట్టును నెడతాయి. అందుకే ఇలాంటి వంతెనలో నడిమి కమాను ఒకటి కూలితే పక్కవాటికీ ప్రమాదమే, నెట్టే తోడు పోతుంది కాబట్టి. ముందు కర్రతో సెంట్రింగ్ కట్టి, రెండు వైపుల నుంచీ సమంగా రాయి పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తి రాయి దిగ్గొట్టాక గానీ కర్ర ఊడదీయరు. ఒక వైపు తొందరపడి పేరిస్తే సెంట్రింగ్ ఇటో అటో ఒరుగుతుంది, కమాను ఆకారమే మారిపోతుంది.

ఈ రాళ్ల మధ్య ఉండే గచ్చు చాలామంది అనుకున్నట్టు జిగురు కాదు. అది పరుపు. రాయి మీద రాయి సమంగా కూర్చోవడానికి, కాస్త కదిలినా పగలకుండా ఉండడానికి. సున్నపు గచ్చుకు ఇంకో గుణం ఉంది. సన్నని పగులు వస్తే, వాన నీరు కొంత సున్నాన్ని కరిగించి తెచ్చి ఆ పగుల్లోనే మళ్లీ పేరుస్తుంది. వెంట్రుకవాసి పగుళ్లు అలా వాటికవే పూడుకుంటాయి. కమాను కడుపు కింద తెల్లటి చారలు దిగి ఉంటే మాత్రం సంగతి వేరు. పైన దారి మీద నీళ్లు నిలిచి లోపలికి దిగుతున్నాయని, గచ్చులోని సున్నాన్ని కడిగేస్తున్నాయని గుర్తు. అప్పుడు కింద పూత పూయడం దండగ. పైన నీళ్లు పోయే తూములు తెరవాలి.

*

గానుగ సంగతికి వస్తాను.

బట్టీ నుంచి దిగిన సున్నపు గడ్డలను ముందు చేత్తో ఎత్తి చూసేవాళ్లు. సున్నపురాయి పూర్తిగా కాలితే దాని బరువులో నూటికి 44 వంతులు గాలిలో కలిసిపోతాయి. కాబట్టి బాగా కాలిన గడ్డ చేతికి తేలిగ్గా తగలాలి. బరువుగా ఉంటే లోపల పచ్చిరాయి మిగిలిందన్నమాట. దాన్ని పక్కన పారేయాలి, నీళ్లలో వేసినా అది పగలదు.

గుంతలో ముందు నీళ్లు, తర్వాత గడ్డలు. ఈ వరస తప్పితే చాలా ప్రమాదం. గడ్డల మీద నీళ్లు గుమ్మరిస్తే అది కుతకుతా ఉడికి పైకి చిమ్ముతుంది. కళ్లలో పడితే చూపే పోవచ్చు. నీళ్లలో కొంచెం కొంచెంగా వేస్తూ, పొడుగాటి కర్రతో కలుపుతూ ఉండాలి. ఆ చప్పుడు మర్చిపోలేనిది. మొదట సన్నగా బుసబుసలు, తర్వాత పెద్ద పొయ్యి మీద అన్నం కుతకుతలాడినట్టు, చివర్న ఉన్నట్టుండి అంతా సద్దుమణిగి ఒక్కో బుడగ. పనివాళ్లు ముందే చేతులకు కొబ్బరినూనె పట్టించుకునేవాళ్లు. లేకపోతే సాయంత్రానికి వేళ్ల సందులు చీలేవి.

దాన్ని వడగట్టి, పైన బెత్తెడు నీళ్లు నిలిచేలా నానబెట్టాలి. నీళ్ల కింద ఉన్నంతకాలం సున్నానికి గాలి తగలదు, గట్టిపడదు. రెండు మూడు వారాలు తక్కువలో తక్కువ. నెలల తరబడి ఉంచితే ఇంకా మంచిది. ఎందుకింత ఓపిక అంటే, నీరు పూర్తిగా పట్టని పలుకులు కొన్ని మిగులుతాయి. వాటిని అలాగే గోడకెక్కిస్తే తర్వాతెప్పుడో తేమ తగిలి ఉబ్బుతాయి. నున్నగా చేసిన పూత మీద పొక్కులు లేచి, బొట్టుబిళ్లంత బిళ్లలుగా ఊడిపోతాయి. కొత్త పూతకు ఏడాది తిరక్కుండా అలా అయితే సున్నం మాగలేదని లెక్క. “ఆరుడు కాదు బిడ్డా, మాగాలె” అనేవాడు ఒక మేస్త్రీ తాత. మామిడికాయల గురించి చెప్పినట్టే చెప్పేవాడు.

అప్పుడు గానుగలోకి. ఒక వంతు సున్నం, రెండు నుంచి మూడు వంతుల ఇసుక. తడి తగిలే చోట అయితే ఇసుక కొంత తగ్గించి సుర్ఖీ కలుపుతారు. సుర్ఖీ అంటే ఇటుక పొడి, అయితే ఏ ఇటుకైనా పనికిరాదు. బాగా కాలి నల్లబడిన ఇటుక పొడి సున్నంతో కలవదు, ఉత్త ఇసుక కిందే లెక్క. మెత్తగా, తక్కువ కాలిన ఇటుక పొడి సున్నంతో కలిసి తడిలోనూ గట్టిపడుతుంది. ఏటి వంతెన కాళ్లకు కావలసిన గుణం ఇదే. ఇసుకను అరచేతిలో నలిపి చూడాలి. చేతికి మట్టి అంటితే కడగాల్సిందే. మట్టి ఉన్న గచ్చు ఆరేకొద్దీ కుంచించుకుని పగులుతుంది.

కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు గానుగలో కొద్దికొద్దిగా పోసేవాళ్లు. బెల్లం గచ్చును సాగేలా చేస్తుంది, తక్కువ నీటితో కలపడానికి వీలిస్తుంది. నీళ్లు తగ్గితే పగుళ్లూ తగ్గుతాయి. అలాగని ఎక్కువ పోస్తే గచ్చు గట్టిపడదు, రోజుల తరబడి చేతికి మెత్తగానే తగులుతుంది. దానికి తోడు చీమలు. గుడ్డు సొన, మినప్పప్పు నీళ్లు, మారేడు గుజ్జు అంటూ ఒక్కో మేస్త్రీది ఒక్కో రహస్యం. నా మట్టుకు వాటిలో సగం గొప్ప కోసమే. సున్నం మాగి, గానుగ సరిగ్గా తిరిగితే బెల్లం లేకపోయినా గచ్చు నిలుస్తుంది. ఆ రెండూ కుదరకపోతే గుడ్లు ఎన్ని కొట్టినా లాభం లేదు.

రాతి చక్రం కిర్రు కిర్రుమంటూ తిరుగుతుంటే ఒక కుర్రాడు పార పట్టుకుని వెనకాలే నడిచేవాడు. అంచులకు ఎగబాకిన ముద్దను మళ్లీ కాలువలోకి తోయడం వాడి పని. వాడికి తొందర, తాతకు తొందర లేదు.

“తాతా, సాలదా ఇగ?”

తాత జవాబు చెప్పేవాడు కాదు. తాపీతో ఇంత ముద్ద తీసి, తాపీని బోర్లించి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాడు. మూడుకు ముందే జారితే దున్నపోతుకు మళ్లీ అదిలింపు. జారకుండా నిలిచిందా, బొటనవేలితో నొక్కి, వేలి చుట్టూ నీరు ఊరుతుందేమో చూసేవాడు. ఊరితే నీళ్లెక్కువ. ఊరకపోతే తలూపేవాడు. అంతవరకూ ఎవరూ బీడీ కూడా వెలిగించేవాళ్లు కాదు.

*

రాతి సందుల్లో గచ్చు నింపడం చూడ్డానికి చిన్న పనే. పాత, పొడిబారిన గచ్చును సందు ఎంత వెడల్పుంటే దానికి రెండింతల లోతు వరకైనా గీకి తీయాలి. పైపైన గీకి నింపితే అది పెచ్చుగా ఊడి వస్తుంది. గీకడానికి ఉలి, చిన్న సుత్తి చాలు. కోత మిషన్ బిళ్ల పెడితే రాయి అంచులు విరిగి సందు వెడల్పవుతుంది. తర్వాత దుమ్ము కడిగేయాలి, ముందు రోజు రాత్రే తడిపి ఉంచాలి. నల్లరాయి నీళ్లు తాగదు గానీ లోపలున్న పాత గచ్చు తాగుతుంది. పొడిగా ఉంటే కొత్త గచ్చులోని తడినంతా పీల్చేస్తుంది, అది పిండిలా రాలుతుంది. నింపేటప్పుడు లోపలి నుంచి పొరలుగా నొక్కి కూరాలి. రాయి ముఖం మీదికి పులమకూడదు. అయిపోయాక తడి గోనెసంచులు కప్పి వారం, పది రోజులు తడుపుతూనే ఉండాలి. నడివేసవిలో ఈ పని పెట్టుకోకూడదు, ముసురు వానలోనూ వద్దు. వానలు వెనకబట్టాక, చలికాలం ఈ పనికి మంచి అదను.

సున్నం గాలి పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. దానికి నెలలు, మందం ఎక్కువైతే ఏళ్లు పడుతుంది. అంత ఓపిక లేకే సిమెంటు వచ్చింది. పొద్దున పూస్తే మర్నాటికి గట్టి. పాత కట్టడాలకు అదే శాపమైంది. సిమెంటు బిగుసుకుపోయి ఉంటుంది, లోపలి తేమను బయటికి రానివ్వదు. తేమ పక్కన ఉన్న మెత్తని గచ్చు మీదికి మళ్లుతుంది, దాంతోపాటు ఉప్పు వచ్చి అక్కడ స్ఫటికాలు కట్టి గచ్చును పొడి చేస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక సిమెంటు పట్టీ పలకలా ఊడుతుంది. ఊడుతూ చుట్టూ ఉన్న మంచి గచ్చునూ లాక్కెళుతుంది. ఏ పాత గోడ మీదైనా బూడిదరంగు అతుకు, దాని చుట్టూ తెల్లటి ఉప్పు గీత కనిపిస్తే ఈ కథే నడుస్తోందని అర్థం.

రావి మొక్కది ఇంకో గోల. పిట్ట రెట్టలో విత్తనం పడుతుంది, గచ్చులో తేమ ఉండనే ఉంటుంది. ఏటా పండక్కి ముందు రంగులేసేవాళ్లు కొమ్మలు నరికి పోతారు. నరికిన ప్రతిసారీ మొదలు లావవుతుంది, వేరు ఇంకో మూర లోపలికి పోతుంది. అలాగని పచ్చి వేరును పట్టి లాగితే రాయి కూడా వస్తుంది. మొదలు కోసి, దానికి రంధ్రం చేసి మందు పోసి, పూర్తిగా చచ్చేవరకు ఆగాలి. ఎండిన వేరు బాగా లోపలికి పోయి ఉంటే, రాళ్ల మీద సుద్దతో నంబర్లు రాసుకుని, విప్పి, వేరు తీసి, అదే వరసలో మళ్లీ పేర్చాలి. నంబర్లు వేయకుండా విప్పిన చోట తర్వాత ఏ రాయీ కుదరదు. చివరికి చిన్నరాళ్లు, సిమెంటు కుక్కి చేతులు దులుపుకుంటారు.

*

వంతెనకు ఊరివైపు కొసన పురానాపూల్ దర్వాజా. ఇది వంతెనతో పాటు పుట్టింది కాదు. ఊరి చుట్టూ కోటగోడను మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెడితే, మొదటి నిజాం అసఫ్ జా కాలంలో పూర్తయింది. అంటే వంతెన కంటే దర్వాజా సుమారు నూటయాభై ఏళ్లు చిన్నది. ఆ గోడకు డజనుకు పైగా దర్వాజాలుండేవి, మధ్యమధ్య ఖిడ్కీలనే చిన్న ద్వారాలు. ఇప్పుడు మిగిలినవి రెండే, ఇదీ, దబీర్‌పురా దర్వాజా. మిగతావి పేర్లుగా బతుకుతున్నాయి. లాల్ దర్వాజా, అలియాబాద్, యాకుత్‌పురా, గౌలిపురా అని బస్సు బోర్డుల మీద చదువుతాం. దిగి చూస్తే దర్వాజా ఉండదు.

ఇలాంటి దర్వాజాలకు పెద్ద తలుపులో చిన్న దిడ్డి తలుపు ఉండేది. చీకటిపడ్డాక పెద్ద తలుపు మూసి, అవసరమైనవాళ్లను దిడ్డిలోంచి ఒక్కొక్కరినే, తలవంచి రమ్మనేవాళ్లు. తల వంచినవాడు కత్తి దూయలేడు, అందులో మర్యాద కంటే జాగ్రత్తే ఎక్కువ. తలుపు బరువంతా మేకుల మీద కాక, కింద రాతిలో తొలిచిన గుంత మీద పడేది, తలుపు పై కొస రాతి కన్నంలో తిరిగేది. పాత దర్వాజా ఏది చూసినా ముందు ఆ గుంత కోసం నేల వైపు చూడాలి. రోడ్డు ఎత్తు పెరిగిన చోట అది భూమిలోకి పోయి ఉంటుంది. దర్వాజా పొట్టిగా కనబడితే తప్పు కట్టినవాడిది కాదు. తారు మీద తారు వేసినవాళ్లది.

పోస్టర్లు అంటించడం చిన్న తప్పే అనుకుంటారు. మైదాపిండి జిగురుతో పొర మీద పొర అంటిస్తే ఆ కాగితం వాన నీటిని వారాల తరబడి పట్టి ఉంచుతుంది. పీకితే గచ్చు పైపొర కాగితంతోపాటే వస్తుంది. లారీ వెళ్లినప్పుడల్లా కలిగే అదురు ఒక్కరోజులో ఏమీ చేయదు గానీ, గచ్చు పోయిన సందుల్లో చిన్న రాళ్లను కొద్దికొద్దిగా కదిలిస్తుంది.

*

1908 సెప్టెంబర్ 28 నాటి వరదను పాతబస్తీ పెద్దవాళ్లు ‘తుగ్యానీ’ అనేవాళ్లు. ఏళ్లు చెప్పుకోవడానికి అదే గుర్తు. తుగ్యానీకి ముందు, తుగ్యానీ తర్వాత. నయాపూల్, ముసల్లంజంగ్ పూల్, చాదర్‌ఘాట్ పూల్ మూడూ దెబ్బతిన్నాయి. అన్నిటికంటే ముసలిది నిలిచింది. దిగువవాటికి తగిలిన దెబ్బ వేరు, ఎగువన దీనికి తగిలింది వేరు కావచ్చు, దాన్ని బట్టి కొత్తవాళ్లకు పని రాదనడం న్యాయం కాదు. వరదలో వంతెనను ఎక్కువగా తీసేది పైనుంచి కొట్టే నీరు కాదు. కాలి చుట్టూ సుడి తిరిగి పునాది కింద ఇసుకను తోడేసే నీరు. కొట్టుకొచ్చిన చెట్లు కమాన్లకు అడ్డం పడితే సుడి ఇంకా పెరుగుతుంది.

ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఒకటి 1920లో, ఇంకోటి 1927లో పూర్తయ్యాయి. ఊరికి వరద తప్పింది, తాగునీరు వచ్చింది. ఏరు మాత్రం సన్నబడింది. ఇసుకలో చెలమ తోడితే నీరు ఊరేదని, చాకలి బండల మీద బట్టలు దబదబ మోగేవని చెబితే ఈ నీటిని చూసేవాళ్లు నమ్మరు. గట్టు పొడుగునా బర్రెల కోసం పచ్చగడ్డి పెంచేవాళ్లు, కోసిన మోపులు తెల్లారేసరికి వంతెన దాటేవి. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లొచ్చాయి. మూసీ తన పాత వెడల్పును మర్చిపోలేదని అప్పుడు తెలిసింది. అలాంటి వరద తీశాక వంతెన మీద పగుళ్లు వెతికేవాళ్లు ఎక్కువ. ముందు కిందికి దిగి, కాళ్ల మొదట్లో కొత్త గుంతలు పడ్డాయేమో చూడాలి.

*

బండ్లకు పక్కన వేరే వంతెన వచ్చాక పాతది కూరగాయల వాళ్లదైంది. అంతకు ముందు చప్పుడు వేరు. ఇనప పట్టాల ఎడ్లబండి రాతి దారి మీద ఎక్కుతుంటే గడగడ, టాంగా అయితే టకటక, కింద కమానులో దానికి ప్రతిధ్వని. కింద ఆడుకునే పిల్లలు కమాను నడిమధ్య నిలబడి పేర్లు పెట్టి అరిచేవాళ్లు. పక్క కమానులోంచి ఇంకొకడు జవాబు అరిచేవాడు. ఇప్పుడు పైన తక్కెడలు, టార్పాలిన్లు, టమాటా బుట్టలు. మార్కెట్‌ను తిట్టేవాళ్లున్నారు. నాకైతే కాలినడక మనుషుల బరువు ఆ కమాన్లకు ఒక లెక్క కాదనిపిస్తుంది. టార్పాలిన్ కట్టడానికి పిట్టగోడలో మేకు దిగ్గొట్టడం, కుళ్లిన ఆకు తూముల్లోకి ఊడ్చేయడం, ఈ రెండూ మానిపిస్తే చాలు. తూము మూసుకుపోతే పైన నీళ్లు నిలుస్తాయి, కింద తెల్ల చారలు దిగుతాయి.

చూడాలనుకుంటే బేరాలు మొదలవకముందే, తెలతెలవారుతుండగా వెళ్లండి. నయాపూల్ నుంచి ఏటి వెంట ఎగువకు ఆటోలో కాసేపే. పాత వంతెన మీద నిలబడితే పాత వంతెన కనబడదు, పక్కనున్న కొత్తదాని అంచు నుంచి చూడాలి. కమాన్లు ఒక చివర నుంచి లెక్కపెట్టుకుంటూ రండి. 22 రాకపోతే కంపచెట్ల చాటున, పూడికలో సగం మునిగిన వాటి దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.